వజ్రం

మా మాదిగపల్లెలో నా చిన్నప్పుడు బల్ల అనే మాటకి మూడే అర్థాలుండేవి. ఒకటి ప్రభువు బల్ల. నెలకొక ఆదివారం అయ్యగారు వచ్చి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజున "బల్ల తీసుకున్నావా వొదినా" అని ఆడవాళ్ళు ఒకర్నొకరు అడుక్కునేవాళ్ళు. రెండోది బడిలో పంతులుగారి బల్ల. దాని మీద బెత్తం, సుద్దముక్కల డబ్బా, హాజరు పుస్తకం ఉండేవి. మాకు దాన్ని తాకే పని ఎప్పుడూ పడలేదు, మమ్మల్ని దాని దాకా పిలిచినవాళ్ళూ లేరు. మూడోది మా అయ్య తోలు గీకే బల్ల. నిజానికి అది బల్ల కాదు. చెక్కు తీసిన వేపమొద్దు, ఒక కొస నేల మీద, ఇంకో కొస నడుమెత్తున రెండు కొయ్యల మీద ఏటవాలుగా ఉండేది. సున్నంలో నానిన తోలుని దాని మీద పరిచి అయ్య రెండు చేతుల కత్తితో వెంట్రుకలు, కండ గీకేవాడు.

మోచేతులు రెండూ ఆనించి రాసుకునే బల్ల మాత్రం మా పల్లెలో ఏ ఇంట్లోనూ లేదు. హాస్టల్లో నేల మీద, సెలవలకి ఇంటికొస్తే నులకమంచం మీద బోర్లా పడుకుని చదివాను. నా అక్షరాలు ఇప్పటికీ కుడివైపుకి వాలి ఉంటాయి. మంచం కుక్కి వాలు అది.

ఇది 1991లో చీరాలలో నేను చేసిన ఒక బల్ల కథ. పాతకాలం మోస్తరు రాతబల్ల. తరిమెన పట్టిన నాలుగు కోళ్ళు, ముందువైపు మూడు సొరుగులు, పైన తోలు పరుపు. దొరల బంగళాల్లో, జమీందార్ల దివాణాల్లో, కలెక్టరు కచేరీల్లో ఉండే రకం. మేకు ఒక్కటి కొట్టకుండా, మిషను ఒక్కటి వాడకుండా చేసింది. "దళితుల ఆత్మకథల్లో ఆకలుంటది, అవమానముంటది, ఈ బల్లేందన్నా?" అని ఒక విద్యార్థి మిత్రుడు అడిగాడు. ఆకలీ అవమానమూ ఇందులోనూ ఉన్నాయి. కాకపోతే పని కూడా ఉంది. మనవాళ్ళు రాసేటప్పుడు ఏడుపు గురించి రాసినంతగా చేతిపని గురించి రాయరు. పని మనకి బానిసత్వంగానే అంటగట్టారు గనక దాన్ని తల్చుకోవాలంటే సిగ్గు. ఆ సిగ్గు గురించి కూడా ఇక్కడ చెప్పాలి.

1978లో పదో తరగతితో నా చదువు ఆగింది. చీరాలలో ఒక కలప అడితిలో రంపం లాగే పనికి కుదిరాను. ఇప్పటి కుర్రాళ్ళకి తెలియదు గనక చెబుతున్నాను. అప్పట్లో పెద్ద దుంగల్ని కొన్ని అడితిల్లో గుంట మీద కోసేవాళ్ళు. మనిషి లోతు గుంట, దాని మీద అడ్డంగా దుంగ, ఆరడుగుల రంపం, ఇద్దరు మనుషులు. పైన నిలబడ్డవాడు నూలుదారంతో కొట్టిన గీతని చూస్తూ రంపాన్ని నడుపుతాడు. కింద నిలబడ్డవాడు లాగుతాడు. గీత పైవాడికి కనపడుద్ది, పొట్టు కిందవాడి కంట్లో పడుద్ది. పైన వడ్రంగుల కుర్రాడు, కింద నేను. రెండేళ్ళలో ఒక్కసారి కూడా మేమిద్దరం చోటు మార్చుకోలేదు. మార్చుకోవాలని అతనికి తోచలేదు, అడగాలని నాకు తోచనివ్వలేదు.

పనిముట్లు ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. ఉలి జారి గుంటలో పడితే తీసి అందించబోయాను. "ఆడ గట్టు మీద పెట్టు" అన్నాడు పెద్ద వడ్రంగి. పెట్టాక దాని మీద నీళ్ళు చిలకరించి తీసుకున్నాడు. వడ్రంగుల్ని తిట్టిపోయడానికి ఇది రాయడం లేదు. వాళ్ళూ కామందు వాకిట్లో నాగలి చెక్కి, బండి చక్రం బిగించి, కళ్ళంలో మేర గింజల కోసం నిలబడినవాళ్ళే. మా అయ్య కపిల బానలు కుట్టి, చెప్పులు కుట్టి అదే కళ్ళంలో నిలబడేవాడు. ఒకే కళ్ళం, ఒకే గింజలు. కానీ మేర అందుకోవడంలో వాళ్ళొక వరస, మేమొక వరస. 1936లోనే అంబేద్కర్ కులాన్ని గురించి రాస్తూ ఈ సంగతే పట్టుకున్నాడని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అది చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ గుంట. ఒకే దుంగ కోస్తున్న ఇద్దరు పనివాళ్ళని పైనొకణ్ణి, కిందొకణ్ణి పెట్టింది ఎవరు?

నాకు పని నేర్పింది ఒక సాయిబు మేస్త్రి. పేరాల వైపు ఆయనది చిన్న కొట్టు. అడితికి చెక్క కోసం వచ్చి గుంటలో ఉన్న నన్ను చూసి, "నీళ్ళు పోసుకుని రారా, నాకు పాలిష్‌కి మనిషి కావాలి" అన్నాడు. ఆయన చిన్నతనంలో పొగాకు కంపెనీ దొరల బంగళాలకీ మిషన్ బంగళాలకీ సామాను చేసే పెద్ద మేస్త్రి దగ్గర పని నేర్చినవాడు. నా కులం అడిగాడు. చెప్పాను. "సరే, ఉలి నూరడం వచ్చా?" అన్నాడు. రాదన్నాను. ఆరు నెలలు సానరాయి తప్ప ఇంకోటి ముట్టుకోనివ్వలేదు. అది కులం వల్ల కాదు, ఆయన కొడుక్కీ అదే ఆరు నెలలు. ఆయన నేర్పే పద్ధతంతా తిట్లే. "ఏందిరా ఇది, కుసియా, ఎలక కొరికిన చెక్కా?" అనేవాడు. ఆ తిట్లలో కులం ఉండేది కాదు. తిట్టు ఎక్కడ పనిని అంటుద్దో, ఎక్కడ పుట్టుకని అంటుద్దో మనకి చెప్పాల్సిన పని లేదు గదా.

కుసి అంటే చెక్క కొసని నాలుకలాగా కోసింది. అది రెండో చెక్కలో తొలిచిన బెజ్జంలో దిగాలి. చేత్తో నెడితే సగం దిగాలి, మిగతా సగానికి కొయ్యసుత్తి అడగాలి. వదులైతే ఊగుద్ది, బిగువైతే చీలుద్ది. ఈ ఒక్క ముక్క చేతికి ఎక్కడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

1985 జులై 17 నాటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఆ రోజు కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని, గాయాలతో పొలాలకడ్డంపడి చీరాల చేరారు. చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చీరాలకి ఇట్టాంటిది కొత్త కాదు. 1921లో మున్సిపాలిటీ పన్నులు కట్టమని చీరాల పేరాల జనం ఊరే వదిలేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక రామ్‌నగర్ పాకల్లో పదకొండు నెలలున్నారు. ఆ పాకల గురించి పాఠాలున్నాయి. 1985 పాకల గురించి పాఠం లేదు. వీళ్ళు పన్ను ఎగ్గొట్టి రాలేదు, ప్రాణం పట్టుకుని వచ్చారు. తిరిగి ఆ ఊరు పోమని కూర్చున్నారు. చీరాల పక్కనే విజయనగర్ కాలనీ అట్టా లేచింది. దళిత మహాసభ ఆ ఏడే ఇక్కడే పుట్టింది.

నేను కొట్టు పని అయినాక శిబిరానికి పోయి నీళ్ళు మోసేవాణ్ణి, పొయ్యిల కోసం చెక్కముక్కలు తీసుకుపోయేవాణ్ణి. అక్కడ చూసింది ఒకటి నా మనసులో ఉండిపోయింది. పొద్దస్తమానం ఎవరో ఒకరు రాస్తూనే ఉండేవాళ్ళు. అర్జీలు, వాంగ్మూలాలు, కరపత్రాలు, చనిపోయినవాళ్ళ పేర్లు, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళ పేర్లు. అందరూ మోకాలి మీద అట్ట పెట్టుకుని రాసేవాళ్ళు. వేలిముద్ర వెయ్యాల్సిన ముసలమ్మ చెయ్యి పట్టుకుని, కాగితాన్ని చర్చి మెట్టు మీద పెట్టి వేయించారు. ఆ మెట్టు గరుకు. ముద్ర సరిగ్గా పడక మళ్ళీ వేయించారు. ఈ సంగతి మేస్త్రికి చెబితే మర్నాడు రెండు పలకలు, నాలుగు ఖాళీ పెట్టెలు నా నెత్తిన పెట్టి పంపాడు. డబ్బులు అడగలేదు, మాట కూడా ఏమీ అనలేదు. ఆ పెట్టెల మీద పలకలు పరిస్తే శిబిరంలో రాయడానికి ఒక చోటయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవై మూడేళ్ళ పైన. ఆ ఇరవై మూడేళ్ళలో ఎన్ని కాగితాలు రాశారో!

అంబేద్కర్ శతజయంతి 1991 ఏప్రిల్ 14 నాటికి మా పల్లె కుర్రాళ్ళు చదువుల గది ఒకటి లేపారు. మట్టిగోడలు, పైన తాటాకు. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి అచ్చేస్తున్న అంబేద్కర్ సంపుటాలు కొన్ని, రెండు దినపత్రికలు, ఉద్యోగ ప్రకటనల పత్రిక. బల్ల కావాలన్నారు. "ఇనప కాళ్ళు, సన్‌మైకా పలక, రెండొందల్లో అయిపోద్ది అన్నా" అన్నాడు బి.ఏ. చదివే మా పెదనాన్న మనవడు.

నేను ఒప్పుకోలేదు. మేస్త్రి దగ్గర ఒక పాత లెక్కల పుస్తకం ఉండేది. దాని వెనక అట్ట మీద ఆయన చిన్నప్పుడు మరమ్మతు చేసిన ఒక మిషన్ బంగళా రాతబల్ల కొలతలు పెన్సిలుతో వేసి ఉన్నాయి. నాలుగున్నర అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, ముప్ఫై అంగుళాల ఎత్తు. కోడు పైభాగం నలుపలకలుగా ఉండి, కింద ఒక పూస, ఒక గాడి, ఆ తర్వాత కుండ కడుపులాగా ఉబ్బి, సన్నబడుతూ దిగుద్ది. ఆ బొమ్మ చూసి కుర్రాళ్ళకి కోపం వచ్చింది. "దొరల బల్ల మనకెందుకన్నా? మనం ఆ కాలం నుంచి బయటపడ్డానికి గదా కొట్లాడేది?"

"దాని మీద దొర కూర్చున్నాడు. దొర చేశాడా?" అన్నాను.

మేస్త్రి గురువు, ఆయన గురువు, వాళ్ళ కింద తాడు లాగినవాళ్ళు, గుంటలో నిలబడ్డవాళ్ళు, వాళ్ళ చేతుల మీద ఆ బల్లలన్నీ తయారయ్యాయి. చేసినవాడి పేరు ఏ బల్ల మీదా ఉండదు. కూర్చున్నవాడి పేరుతో దొర బల్ల, జమీందారు బల్ల అంటారు. పాతకాలం మొత్తం వాళ్ళకి ఎట్టా రాసిస్తాం? అందులో మన పాలు ఎంతుందో లెక్క తేలాలి గదా.

చెక్క ఒక పాత ఇల్లు పడగొడితే వచ్చిన టేకు. ఏ ఊరిదో ఎవరిదో ఇక్కడ అనవసరం. అడితి గుమాస్తా చెప్పాడు, పెద్ద కామందుల ఇల్లని. యుద్ధానికి ముందు బర్మా నుంచి ఓడల్లో వచ్చిన టేకు, దూలాలు, ద్వారబంధాలు. అట్టాంటి చెక్క ఇప్పుడు దొరకదు. నెమ్మదిగా పెరిగిన చెట్టు, మొత్తం చేవే, తెల్లచెక్క లేదు. నేను కొన్న దాంట్లో ఒక గడప కూడా ఉంది. దాని మీద ఏళ్ళ తరబడి పూసిన పసుపు గట్టిపడి పెచ్చు కట్టింది. అట్టాంటి గడప నేను జీవితంలో దాటింది లేదు. దాన్ని నాలుగుగా చీల్చి కోళ్ళకి తీసుకున్నాను. ఆ పసుపు చేవలోకి దిగలేదు. రెండు చిత్రికలకే పోయింది.

కోళ్ళు తరిమెన మీద పట్టాను. కరెంటు మోటారు కాదు, తాడు తరిమెన. మా తమ్ముడు తాడు లాగుతుంటే కోడు ముందుకీ వెనక్కీ తిరిగేది. ముందుకి తిరిగేటప్పుడే ఉలి ఆనాలి, వెనక్కి తిరిగేటప్పుడు లేపాలి. ఒక్కో కోడుకి రెండు రోజులు పట్టింది. నాలుగూ అచ్చం ఒకేలాగా రావు. దగ్గరగా చూస్తే మూడో కోడు కుండ కొంచెం లావు. మేస్త్రి చూసి "చేత్తో చేసిందని తెలియాలి గదరా" అన్నాడు. ఆయన నోటినుంచి నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే.

ఇక అతుకు సంగతి. ఇప్పుడందరూ ఫెవికాల్ వాడతారు. అది 1959లో వచ్చింది. అంతకుముందు వడ్రంగులు, మేస్త్రీలు బల్లల్ని, కుర్చీల్ని, బీరువాల్ని అతికింది సరేసుతో. వడ్రంగులు దాన్నే వజ్రం అంటారు. తేనెరంగులో బిళ్ళలుగా వచ్చేది. రాత్రి నీళ్ళలో నానబెడితే పొద్దునకి ఉబ్బి మెత్తని ముద్దవుద్ది. దాన్ని చిన్నగిన్నెలో వేసి, ఆ గిన్నెని నీళ్ళున్న పెద్దగిన్నెలో పెట్టి కాచాలి. పొగలు రావాలి గానీ తెర్లకూడదు. తెర్లితే పట్టు పోద్ది. వేడిగా ఉన్నప్పుడే కుసికి, బెజ్జానికి పూసి నిమిషంలో బిగించాలి.

అయ్య ఒకరోజు నాకు కూడు తీసుకుని కొట్టుకొచ్చాడు. పొయ్యి మీద సరేసు గిన్నె ఉంది. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చాడు. "ఈ వాసన నీ కొట్లో కెందుకొచ్చిందిరా?" అన్నాడు.

"అది వజ్రం అయ్యా, చెక్కలతికేది."

గిన్నె దగ్గరికొచ్చి పుల్లతో తీసి, రెండు వేళ్ళ మధ్య సాగదీసి చూశాడు. "వజ్రమా నా బొందా. ఇది తోలు. సున్నంలో నానేసి గీకిన పీలికలు కడిగి కాస్తే ఇదే గదా వచ్చేది. మా తాత కాచేవాడు. పలచగా పోసి, గడ్డకట్టినాక ముక్కలు కోసి వల మీద ఆరేసేవాడు. ఎవురో వచ్చి కొనకపోయేవోళ్ళు. ఎందుకో మాకు తెలవదు."

నేను పని ఆపేశాను. పదేళ్ళకి పైగా దాన్ని కాస్తున్నాను. తోలు నుంచి వస్తుందని మేస్త్రి చెప్పాడు, నాకు తెలుసు. కానీ మా ముత్తాత కాచిందీ, నేను పూస్తున్నదీ ఒకటేనని ఆ రోజు దాకా నా బుర్రకి తట్టలేదు. ఉలి మీద నీళ్ళు చిలకరించినాయన కూడా ఇదే పూశాడు. ఆయన చేసిన పూజామందిరాల్లో, ఉయ్యాలబల్లల్లో, పెళ్ళిపీటల్లో ప్రతి అతుకులోనూ ఇదే ఉంది. చచ్చిన గొడ్డుని ఈడ్చుకొచ్చి, కోసి, గీకిన మాదిగోడి పని ఆ ఇళ్ళల్లో నట్టింట్లో కూర్చుంది. గుమ్మం బయట నిలబెట్టింది మమ్మల్నే. పేరు మార్చి వజ్రమంటే మైల పోయిందన్నమాట!

తోలు పరుపు ఆలోచన అప్పుడు గట్టిపడింది. పాత రాతబల్లల మీద తోలు ఉంటుంది. కాగితం కింద మెత్తగా ఉండి కలం జారకుండా నడుస్తుంది. మద్రాసు నుంచి రంగు తోలు తెప్పిద్దామనుకున్నవాణ్ణి, "అయ్యా, నువ్వు ఊని ఇస్తావా?" అని అడిగాను.

అయ్య 1973లో లంద పగలగొట్టాడు. నన్ను హాస్టల్లో వేసిన వారం అది. "నీ గుడ్డలకి ఆ వాసన ఉండకూడదు" అన్నాడు. అప్పటికే కపిలలు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి, బానలు కుట్టించుకునేవాడు లేడు. చెప్పులు కూడా రబ్బరువి, బాటావి. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు పొగాకు బేరన్ల కాడ, మిరప కళ్ళాల కాడ కూలికెళ్ళాడు గానీ తోలు ముట్టలేదు. అడిగితే జవాబివ్వలేదు. అమ్మ మాత్రం లేచింది. "ఇన్నేళ్ళకి ఆ కంపు వొదిలిందనుకుంటే మళ్ళీ నట్టింట్లోకి తెత్తావా?" అంది. నాలుగు రోజుల తర్వాత అయ్య తెల్లారగట్ల అద్దంకి వైపు మెట్టకి పోయి రెండు మోపుల తంగేడు చెక్క తెచ్చి పడేశాడు. దాన్ని రోట్లో దంచింది అమ్మే, తిట్టుకుంటూ.

చచ్చిన గేదెదూడ తోలు. కాగులో సున్నం నీళ్ళలో పన్నెండు రోజులు. గీకడం. నాలుగుసార్లు కడగడం. తర్వాత తంగేడు నీళ్ళు, మొదట పలచనవి, తర్వాత చిక్కనివి. పెద్ద తోలైతే సంచీలాగా కుట్టి, చెట్టుకు వేలాడగట్టి, లోపల తంగేడు చెక్క, నీళ్ళు నింపి, కారిందాన్ని మళ్ళీ పైనుంచి పోసేవాళ్ళు. ఇది చిన్నది గనక కాగులోనే నానేశాడు. చివర కరక్కాయ. రెండు నెలలు పట్టింది. ఏ రోజు నీళ్ళు మార్చాలో అయ్య నాలుక మీద చుక్క వేసుకుని చెప్పేవాడు. వగరు పోయిందంటే తోలు తాగేసినట్టు. ఈ శాస్త్రానికి ఏ విశ్వవిద్యాలయంలో పట్టా ఇస్తారు? ఇంటరు, బి.ఏ. చదివిన మనం ఇది శాస్త్రమని ఎప్పుడన్నా అనుకున్నామా?

గొడవ పల్లెలోనే వచ్చింది. చదువుల గది కమిటీ కూర్చుంది. "మళ్ళీ తోలేనా? ఊళ్ళోవాళ్ళు చూస్తే మాదిగోళ్ళు బల్లక్కూడా తోలే వేసుకున్నారంటారు" అన్నాడొకడు. "అంబేద్కర్ పుస్తకాన్ని తోలు మీద పెడతామా?" అన్నాడు పెదనాన్న మనవడు. వాళ్ళ బాధ నాకు అర్థమైంది. ఆ వాసన నుంచి తప్పించుకోవడానికే గదా చదువులు. వాళ్ళని తప్పుపట్టలేను.

అయ్య ఎప్పుడూ కమిటీల్లో మాట్లాడడు. ఆ రోజు గోడకి ఆనుకుని కూర్చున్నవాడు లేచాడు. "అయ్యగారి బైబిలు అట్ట దేంతో చేశారో సూశార్రా?" అన్నాడు. అందరూ చూశారు, నల్లట్ట. "మేకతోలు. నేను ముట్టుకోగానే చెప్పా. దేవుడి మాటకి అడ్డురాని తోలు మీ రాతలకి అడ్డమొచ్చిందా?" ఆ తర్వాత తోలు మాట ఎవరూ ఎత్తలేదు.

ఆగస్టు 6న చుండూరు జరిగింది. ఎనిమిది మంది దళితుల్ని చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. కారంచేడు తర్వాత, 1989 అత్యాచారాల నిరోధక చట్టం వచ్చిన తర్వాత. కొట్లో సగం బిగించిన చట్రాన్ని అట్టాగే వదిలేసి తెనాలి పోయాం. ఇరవై రోజులు ఉలి ముట్టుకోలేదు. ముట్టుకోబుద్ధి కాలేదు. బల్ల ఎవరికి, రాస్తే ఏమవుద్ది అనిపించింది. చుండూరు ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకునేదాకా పోరాడారు. 2007లో ఆ కోర్టు ఇరవై ఒక్క మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అప్పటికి ఇదంతా ఎవరికి తెలుసు. నన్ను మళ్ళీ కొట్లోకి లాక్కొచ్చింది మేస్త్రి. "తోలు ఎండిపోతోందిరా. చెక్క ఆగుద్ది, అది ఆగదు" అన్నాడు.

తోలు పరవడంలో ఒక కిటుకుంది. చెక్క వానాకాలం ఉబ్బుద్ది, ఎండాకాలం కుంచించుకుపోద్ది. పొడుగునా కాదు, అడ్డంగా. సముద్రగాలి తగిలే చీరాలలో మరీ. అందుకని బల్లపైభాగాన్ని ఒకే ముక్కగా చెయ్యకూడదు. చుట్టూ చట్రం కట్టి, మధ్య పలకని చట్రం గాడిలో ఊరికే కూర్చోబెట్టాలి, అతకకూడదు. తోలుని ఆ మధ్యపలకకే అంటించాలి, చట్రానికి తగలకూడదు. తగిలితే మొదటి ఎండాకాలానికే చిరుగుద్ది. పలకలో తోలు మందం లోతు తీసి, తోలు అంచుల్ని అయ్య తన కత్తితో కాగితమంత పలచగా చెక్కాడు. మైదా జిగురు పూసి పరిచి, తడిగుడ్డ వేసి, నున్నటి కొయ్యతో మధ్య నుంచి అంచులకి నెట్టాం. నా చిత్రిక, అయ్య కత్తి ఒకే పలక మీద ఆడటం అదే మొదటిసారి. ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. "చెయ్యి తియ్యి", "ఇటు లాగు", అంతే.

డిసెంబరు 6కి ఇద్దామనుకున్నాం. లక్కని స్పిరిట్లో కరిగించి, నేతగాళ్ళ దగ్గర తెచ్చిన నూలు చిక్కుని గుడ్డలో ముడి కట్టి పాలిష్ పట్టాలి. గాల్లో చెమ్మ ఉంటే పాలిష్ తెల్లగా పాలిపోద్ది. ఆ ఏడు ముసురు తెగక సంక్రాంతి దాటింది. ప్రారంభోత్సవం లాంటివేమీ లేవు. బండి మీద వేసుకొచ్చి గదిలో దించాం. మేస్త్రి కుర్చీలో కూర్చుని నాలుగు మూలలా మోచేత్తో నొక్కి చూశాడు. అయ్యని కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే తోలు మీద అరచెయ్యి ఒకసారి రాశాడు.

ఆ బల్ల మీద ఎన్ని దరఖాస్తులు నింపారో లెక్కలేదు. 1994లో మా ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టినప్పుడు కరపత్రాలు దాని మీదే రాశారు. పెదనాన్న మనవడు దాని మీదే చదివి లాయరయ్యాడు. ఇప్పుడొచ్చినప్పుడు తోలు మీద గ్లాసు పెట్టినవాళ్ళని తిడతాడు. మేస్త్రి 1999లో, అయ్య 2003లో పోయారు. అమ్మ ఆ తర్వాత చాలాకాలం ఉంది. గది తాటాకు పోయి రేకులయింది, తర్వాత శ్లాబయింది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చీరాల అప్పటికే ప్రకాశం పోయి బాపట్ల జిల్లాలోకి వచ్చింది, 2022లో. రెండు రోజులు గదిలో మోకాలి లోతు నీళ్ళు. పుస్తకాల్ని పిల్లలు అటక మీదికెత్తారు, బల్లని ఎత్తలేకపోయారు. నీళ్ళు తీశాక చూస్తే రెండు కోళ్ళు అడ్డపట్టెల దగ్గర వదిలేశాయి. చెమ్మకి వజ్రం మెత్తబడింది. తోలు ఒక మూల నల్లగా మచ్చపడింది. "కొత్తది కొందాం పెదనాన్నా, రెండు వేలకి ప్లాస్టిక్‌ది వస్తది" అన్నారు.

ఫెవికాల్ పెట్టిన అతుకు వదిలితే చెక్క చీల్చుకునే వస్తుంది. వజ్రం అట్టా కాదు. వేడినీళ్ళ గుడ్డ చుడితే మిగతా రెండు కోళ్ళూ చెక్కకి గీత పడకుండా విడివడ్డాయి. ముప్ఫై రెండేళ్ళ కిందటి నా కుసులు ఉన్నవి ఉన్నట్టున్నాయి. బెజ్జాల్లో పాత వజ్రం గోధుమరంగులో మిగిలుంది. దాన్ని గీకనక్కరలేదు, కొత్తది వేడిగా పూస్తే పాతది కరిగి దాంతో కలుస్తుంది. ఇప్పుడది చీరాలలో దొరకలేదు. బెజవాడ నుంచి తెప్పించాం. పూసల్లాగా పలుకులుగా వస్తోంది. నా పెద్దకూతురు గిన్నె కాసింది, తమ్ముడి కొడుకు పట్టెలు పట్టుకున్నాడు. తోలు మచ్చని అట్టాగే ఉంచాం. దాన్ని మార్చాలంటే తంగేడు చెక్క నీళ్ళు నాలుక మీద వేసుకుని చూసేవాళ్ళెవరూ మా పల్లెలో లేరు.

సంక్రాంతి ముందు పని పూర్తయింది. కోళ్ళకి తాళ్ళు చుట్టి పుల్లతో మెలిపెట్టి బిగించి, రెండు రోజులు కదపొద్దని చీటీ రాసిపెట్టి వచ్చాం. మర్నాడు పొద్దున్నే పోయి చూస్తే ఇద్దరు ఆడపిల్లలు ఆ తాళ్ళ బల్ల మీదే పుస్తకాలు పరుచుకుని రాసుకుంటున్నారు. నన్ను చూసి లేవబోయారు, కూర్చోమన్నాను. ఫిబ్రవరి 25న గ్రూప్-2 ప్రిలిమ్స్ ఉందంట. "కదపట్లేదు తాతా, ఊరికే రాసుకుంటన్నాం" అంది ఒకమ్మాయి.